ఎన్నూరు ఇసుకలో మా మేకులు

గుడారాలు అమ్మే ఉద్యోగం చేశానని చెబితే ఇప్పటి పిల్లలు వెంటనే "ఏ సర్కస్‌లో తాతా?" అని అడుగుతున్నారు. సర్కస్ కాదు నాయనా. సర్కస్‌లో అయితే గుడారం నిలబడుతుంది.

యాభైల నాటి మద్రాసు మాట ఇది. రాయపురంలో హార్బరు గోడకు కాస్త ఇవతల మా కంపెనీ ఉండేది. ముందు షోరూము, వెనక కుట్టు షెడ్డు. యుద్ధం జరిగినన్నాళ్ళూ సైన్యానికి గుడారాలు కుట్టి మా మొదలాళిగారు రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నారు. మద్రాసులో యజమానిని మేమంతా మొదలాళి అనే పిలిచేవాళ్ళం. తర్వాత యుద్ధం ఆగిపోయింది. ఊరంతా సంతోషించింది. మొదలాళిగారు కూడా సంతోషించారు గానీ, ఊరంత కాదు.

నేను తొండియార్‌పేట నుంచి నడిచి వచ్చే గుమాస్తాని. ఇంటర్ తప్పాను గానీ ఇంగ్లీషు చదవడం మాత్రం వచ్చు. ఆ ఒక్క గుణమే నా కొంప ముంచింది. ఒకరోజు మొదలాళిగారు ఎక్కడో సంపాదించిన ఒక విలాయతీ పత్రిక తెచ్చి నా బల్ల మీద పరిచారు. అందులో రంగుల బొమ్మ. పచ్చగడ్డి మీద ఒక కారు, కారు పక్కన తెల్లటి గుడారం, గుడారం ముందు దొర, దొరసాని, పిల్లలు, ఒక బొచ్చు కుక్క. దొరసాని స్టవ్వు మీద ఏదో వేయిస్తోంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

"ఏమయ్యా, మన ఊళ్ళో కార్లు లేవా?" అన్నారు మొదలాళిగారు.

"ఉన్నాయండి."

"ఆదివారాలు లేవా?"

"ఉన్నాయండి."

"గుడారాలు మన దగ్గరే ఉండాయి. ఇంకేం కావాల?"

"కుక్క ఒక్కటే తక్కువండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ పూటే నన్ను "మోటారు గుడారాల విభాగానికి" అధిపతిని చేశారు. విభాగం అంటే నా బల్ల, ఆ పత్రిక, విలాయత్ నుంచి తెప్పించిన ఒక క్యాటలాగు. దానితో పాటు ఇంకో మాట కూడా చెప్పారు. ఆ వేసవి దాటేలోగా మోటారు గుడారాలు కదలకపోతే కుట్టు షెడ్డు మూసేస్తానన్నారు. లారీల మీద కప్పే టార్పాలిన్లు బయట కుట్టించుకుంటే చాలునట. షెడ్డులో పెద్ద మిషన్ల మీద పనిచేసేవాళ్ళంతా రాయపురం సందుల్లో కాపురాలున్నవాళ్ళే. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలప్పుడు వాళ్ళంతా నా ముఖం చూసేవాళ్ళు. "బేరం ఏమన్నా తగిలిందా సార్?" అని నోటితో అడిగేవాళ్ళు కొందరే. చూపులతో అందరూ అడిగేవాళ్ళు.

క్యాటలాగు మొత్తం నాకు నోటికొచ్చేసింది. ఒంటి పొర గుడారం తేలిక, కారు మీద కట్టుకోవచ్చు, కానీ మన ఎండకి లోపలివాళ్ళు ఉడికిపోతారు. రెండు పొరలది చల్లగా ఉంటుంది, కానీ ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. మేకు నిటారుగా కొట్టకూడదు, తల గుడారానికి అవతలికి వాలేలా కొట్టాలి. గాలి వచ్చే దిక్కుకి గుడారం వీపు పెట్టాలి. ఇవన్నీ నేను చెబుతుంటే వచ్చినవాళ్ళు తలలూపేవాళ్ళు. నన్ను అందరూ "టెంట్ ఎక్స్‌పర్ట్" అనడం మొదలుపెట్టారు. నేను కూడా అనుకోవడం మొదలుపెట్టాను. ఒక్క రాత్రయినా గుడారంలో పడుకున్న పాపాన పోలేదన్న సంగతి నాకే గుర్తుండేది కాదు.

ఈ వైభవంలో నాకొక పోటీదారు ఉండేవాడు. షెడ్డులో సరుకు చూసుకునే పెద్దాయన. బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. గుబురు మీసాలు, ఖాకీ నిక్కరు. అందరూ మిలిటరీ అన్న అనేవాళ్ళం. నేను క్యాటలాగులోంచి ఒక మాట చెబితే చాలు, వెనక నుంచి ఆయన గొంతు వినిపించేది.

"అదంతా పుస్తకంలో సార్. బర్మాలో జపాను వాడు బాంబులేస్తా ఉంటే ఆడ మేము గుడారం ఎట్ల ఏసినామో తెలుసునా? ఇంత పొడుగు ఇనప మేకు. ఒకే దెబ్బ. ఏనుగొచ్చి లాగినా రాదు."

బర్మా ముందు క్యాటలాగు ఏం నిలుస్తుంది? కొనడానికి వచ్చినవాళ్ళు నన్ను వదిలేసి ఆయన మీసాల వైపు తిరిగేవాళ్ళు. అయినా ఎవరూ కొనేవాళ్ళు కాదు. బర్మా కథలు విని, గుడ్డ వేళ్ళతో నలిపి చూసి, పాండీబజారులో చీరలు చూసి వచ్చినట్టే చూసి వెళ్ళిపోయేవాళ్ళు.

నిజంగా కొనాలని వచ్చిన మొదటి మనిషి ఒక హెడ్‌మిస్ట్రెస్. ఆడపిల్లల హైస్కూలు ఆవిడది. నలభై దాటి ఉంటాయి. దేశం వదిలిపోతున్న ఒక దొర దగ్గర చిన్న కారు కొనుక్కుని తానే నడుపుకుంటూ వచ్చింది. పక్క సీట్లో వాళ్ళమ్మ. ఆ పెద్దావిడది నెల్లూరు వైపు. మోకాలు వంగదు. కారు దిగడానికే మేమిద్దరం పట్టుకోవలసి వచ్చింది.

"మా అమ్మకి ఊళ్ళు చూడాలని ఉంది. సత్రాల మెట్లు ఎక్కలేదు, ఇరుకు గదుల్లో పడుకోలేదు. కారు ఎక్కడ ఆగితే అక్కడే ఇల్లు ఉండాలి మాకు" అంది హెడ్‌మిస్ట్రెస్.

ఇంత తెలివైన కొనుగోలుదారు దొరికేసరికి నా నోరు ఆగలేదు. ఒంటి పొర, రెండు పొరలు, మేకు వాలు, గాలి దిక్కు, అన్నీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, చెప్పులు విడిచి, షోరూములో వేసి ఉన్న గుడారంలోకి వెళ్ళి నిలువునా పడుకుంది! షోరూములో ఆడమనిషి అట్లా పడుకోవడం చూసి నేను గోడవైపు తిరిగాను.

"ఇందులో మీరెప్పుడైనా పడుకున్నారా?" లోపల నుంచి గొంతు.

"చాలాసార్లండి."

"తల ఎటు పెట్టుకుంటారు?"

"వెనక గోడ వైపండి. కాళ్ళు ద్వారం వైపు."

లోపల కాస్త కదిలిన చప్పుడు. తర్వాత, "ఇటు పెడితే గుడ్డ వాలు వచ్చి ముక్కు మీద ఆనుతోంది. మీ ముక్కు మరీ చిన్నదేమో" అంది.

బయట కుర్చీలో కూర్చున్న పెద్దావిడ నా ముక్కు వైపు తేరిపార చూసి, "చిన్నదేం కాదే అమ్మాయ్. బాగానే ఉంది" అంది.

మిలిటరీ అన్న షెడ్డులోకి పోయి నవ్వుకున్నాడు. అయినా ఆవిడ కోపగించుకోలేదు. బయట నేల మీద వేసి చూపిస్తే అప్పుడు ఆలోచిస్తానంది. ఆ మాట మొదలాళిగారి చెవిన వేశాను. ఆయనకి ఒకటి చాలదు కదా. ఊళ్ళో కార్లున్న పెద్దమనుషులందరికీ కబురు పెట్టి, ఒక ఆదివారం ఎన్నూరు సముద్రం ఒడ్డున ప్రదర్శన ఏర్పాటు చేశారు. పొద్దున నుంచి సాయంత్రం దాకా గుడారాల్లో గడపడం, భోజనాలు, సాయంత్రం ఫోటో. ఫోటోగ్రాఫర్‌ని తీసుకుని తాను చివర్లో వస్తానన్నారు. ఆ రోజుతో షెడ్డు సంగతి తేలిపోతుందని అందరికీ అర్థమైంది. శనివారం సాయంత్రం గుడారాలు లారీకి ఎక్కిస్తుంటే కుట్టుపనివాళ్ళు ఒక్కొక్క కుట్టునీ బొటనవేలితో తడిమి చూసి పంపారు.

వస్తామన్నవాళ్ళు చాలామంది. వచ్చినవాళ్ళు నాలుగు కార్లవాళ్ళు. హెడ్‌మిస్ట్రెస్, వాళ్ళమ్మ ఒక కారులో. ఇంకో దాంట్లో హైకోర్టు వకీలుగారు, ఆయన భార్య. వకీలుగారు చాలా భారీ మనిషి. ఆయన దిగితే ఆ పెద్ద అమెరికా కారు ఒక జానెడు పైకి లేచింది. మిగతా రెండు కార్లలో రెండు వ్యాపార కుటుంబాలు.

చోటు ఎంచింది నేను. సరుగుడు తోటకీ సముద్రానికీ మధ్య తెల్లటి ఇసుక, చదునుగా, చూడముచ్చటగా ఉంది. పత్రిక బొమ్మలో గడ్డి ఉంది, ఇక్కడ ఇసుక ఉంది, అంతే తేడా అనుకున్నాను. సముద్రం గాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి గుడారాల వీపులన్నీ సముద్రానికి పెట్టించి, ద్వారాలు పడమటికి తిప్పించాను. జీవితంలో మొదటిసారి మిలిటరీ అన్న నాతో ఏకీభవించాడు.

"కరెక్ట్ సార్. బర్మాలో కూడా ఇట్లనే" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మేకులు ఇసుకలోకి వెన్నలో దిగినట్టు దిగాయి. ఒకే దెబ్బ. ఎంత సులువుగా దిగిందో అంత సులువుగా పైకి వస్తుందన్న ఊహ మా ఇద్దరిలో ఎవరి బుర్రకీ తట్టలేదు. పైగా నేను పత్రికలో చూసిన హంగు ఒకటి చేర్చాను. ప్రతి గుడారానికీ ఒక తాడు పక్కనున్న కారు బంపరుకి కట్టించాను. చూడటానికి ఎంతో బాగుంది.

మధ్యాహ్నం దాకా నా జీవితంలో అంత గొప్పగా గడిచిన పూట లేదు. పులిహోర, పెరుగన్నం, వడలు. సముద్రం గాలి. వకీలుగారు గుడారంలో చాప మీద పడుకుని గురక పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ వాళ్ళమ్మ గుడారంలో పరుపు వేయించుకుని, తల ద్వారం వైపే పెట్టుకుని, హాయిగా నిద్రపోయింది. వ్యాపారస్తుల్లో ఒకాయన రేటు కూడా అడిగాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని గుడారాల మధ్య పచార్లు చేశాను.

సాయంత్రం అవుతుండగా సముద్రం గాలి ఆగిపోయింది. ఆకు కదలలేదు. పడమట, ఊరి వైపు, ఆకాశం నేరేడు పండు రంగుకి తిరిగింది. మద్రాసులో పుట్టి పెరిగినవాణ్ణి. వేసవి సాయంత్రాల్లో ఉరుములతో వాన పడమటి నుంచే వస్తుందని నాకు తెలియదా? తెలుసు. మా ఇంట్లో పడమటి కిటికీ మూయడం చిన్నప్పటి నుంచి నా పనే. కానీ క్యాటలాగులో ఆ సంగతి లేదు.

వ్యాపార కుటుంబాలు ఆకాశం చూసి గబగబా సామాన్లు కార్లలో వేసుకున్నాయి. "ఉండండి, మా గుడారాలు వానకి ఆగుతాయి" అంటూ నేను వెంటపడ్డాను. మొదటి కారు కదిలింది. దాని బంపరుకి కట్టిన తాడు కూడా కదిలింది. తాడు వెనక గుడారం లేచి, మేకులు గలగలలాడించుకుంటూ, పెళ్ళి ఊరేగింపులో పల్లకీ లాగా కారు వెనకాలే తిరువొత్తియూరు రోడ్డు పట్టింది. ఆపమని అరుస్తూ నేను పరిగెత్తాను. నేను వీడ్కోలు చెబుతున్నాననుకుని కారులోని ఆవిడ చెయ్యి ఊపింది. రెండో కారు వాళ్ళు తెలివైనవాళ్ళు, దిగి తాడు కోసేసి పోయారు.

అంతలో గాలి వచ్చింది. పడమటి నుంచి. మేము పడమటికి నోళ్ళు తెరిచి పెట్టిన గుడారాల్లోకి నేరుగా దూరింది. రెండో కారు వాళ్ళ గుడారం ఉబ్బి, లేచి, సముద్రం వైపు పోయింది. వకీలుగారి గుడారం, ఆయన లేచి బయటికి వచ్చిన మరుక్షణమే, తాడు తెంపుకుని సరుగుడు చెట్ల మీదికి ఎక్కి కూర్చుంది. ఆయన పంచె ఎగరకుండా పట్టుకుని, నోరు తెరిచి, చెట్టు మీదున్న తన మధ్యాహ్నపు పడకగదిని చూస్తూ నిలబడిపోయారు.

మిగిలింది ఒక్కటే గుడారం. దాని లోపల కదలలేని పెద్దావిడ. ఆవిడ తల పక్కనే గుడారాన్ని మోసే నడిమి నిట్టాడు. టేకు కర్ర, నా తొడంత లావు. కట్టిన తాళ్ళు వదులైతే అది ఆవిడ మీదే పడుతుంది.

నేను ఎట్లా వెళ్ళానో తెలియదు. లోపలికి దూరి నిట్టాడుని రెండు చేతులా కావలించుకున్నాను. కర్ర నన్ను కూడా పైకి లేపుతోంది. పెద్దావిడ కళ్ళు తెరిచి చూసింది.

"ఏంది నాయనా, కొలుస్తా ఉండావా?"

"లేదమ్మా. పట్టుకున్నాను."

అప్పటికి హెడ్‌మిస్ట్రెస్ వచ్చి వాళ్ళమ్మని లేపడానికి చంకల కింద చేతులు పెట్టింది. మోకాలు సహకరించలేదు. పెద్దావిడ నొప్పికి కేక పెట్టింది. గుడారం అంచులు నాలుగు వైపులా పైకి లేస్తున్నాయి. నా చేతులు జారుతున్నాయి. ఆ క్షణంలో నాకు నిజంగా భయం వేసింది. షెడ్డు పోతుందన్న భయం కాదు. ఉద్యోగం కూడా గుర్తు లేదు. ఈ ముసలమ్మకి ఏమైనా అయితే ఆ చోటు ఎంచినవాణ్ణి నేను.

హెడ్‌మిస్ట్రెస్ తల్లిని వదిలి, ద్వారంలో నిలబడి, స్కూలు మైదానం మొత్తం వినబడే గొంతుతో అరిచింది.

"అందరూ లోపలికి రండి! అంచు తొక్కి కూర్చోండి! లోపల నుంచి!"

ఆ గొంతుకి ఎదురు చెప్పిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. వకీలుగారు పరిగెత్తుకొచ్చి తూర్పు అంచు మీద దబ్బున కూర్చున్నారు. ఆ వైపు గుడారం ఠక్కున నేలకి అతుక్కుంది. ఆయన భార్య ఉత్తరం అంచు మీద, మిలిటరీ అన్న, వకీలుగారి డ్రైవరు దక్షిణం మీద, హెడ్‌మిస్ట్రెస్ ద్వారం గుడ్డలు రెండూ ఒడిలోకి లాక్కుని. ఇంకా ఒక మూల మాత్రం పటపటా కొట్టుకుంటోంది. అంతలో ద్వారం దగ్గర ఒక మనిషి. పక్కనున్న కుప్పం నుంచి, అదే జాలరి పల్లె నుంచి, వచ్చి ఒడ్డున ఆరబెట్టిన చేపలు ఎత్తుకుంటున్న ఆవిడ. నెత్తిన బుట్ట, ఒళ్ళంతా తడిసి, లోపలికి రావాలా వద్దా అని నిలబడింది.

"రావే అమ్మా, రా. ఆ మూల ఖాళీగా ఉంది, ఆడ కూచో" అంది పెద్దావిడ పడుకునే.

"బుట్ట ఉంది పెద్దమ్మా. వాసన."

"బుట్ట కూడా పెట్టు. బరువే గదా కావాల్సింది."

ఆవిడ వచ్చి మూల కూర్చుని బుట్ట పక్కన పెట్టుకుంది. వకీలుగారి భార్య పైట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆవిడకి ఇబ్బందిగా ఉందేమోనని చేపలావిడ లేవబోయింది. లేవగానే ఆ మూల అమాంతం పైకెగిరింది, వాన చివ్వున లోపలికి కొట్టింది. "అయ్యయ్యో, కదలొద్దమ్మా, నీకు దండం పెడతా, కూర్చో!" అని చెంగు వదిలేసి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది వకీలుగారి భార్య. ఆ పట్టుకున్న చెయ్యి వాన వెలిసేదాకా వదల్లేదు.

వాన పెద్దదైంది. తడిసిన నూలు తాళ్ళు బిగుసుకుపోతాయి, కాబట్టి వాన ముందు వాటిని కాస్త వదులు చేయాలి. ఇది క్యాటలాగులో ఉంది. నేను చేయలేదు. ఇప్పుడు తాళ్ళు బిగుసుకుని మేకుల్ని ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాయి. బయట టప్ మని చప్పుడు.

"అదేమిటి?" అన్నారు వకీలుగారు.

"మేకండి."

మళ్ళీ టప్.

"ఇది?"

"ఇంకో మేకండి."

టప్. టప్.

"ఇవి?"

"అవీ అవేనండి."

వకీలుగారు కోర్టులో సాక్షిని చూసినట్టు నన్ను చూశారు. "అంటే, మీరు చెప్పేదాని ప్రకారం, ఈ గుడారాన్ని ప్రస్తుతం నేల మీద ఏది పట్టుకుని ఉంది?"

"తమరేనండి" అన్నాను.

పరుపు మీద నుంచి పెద్దావిడ కిసుక్కుమంది. తర్వాత చేపలావిడ. ఆ తర్వాత వకీలుగారే పొట్ట కదిలేలా నవ్వడం మొదలుపెట్టేసరికి, "ఏమండీ, నవ్వకండి, అంచు లేస్తోంది" అని ఆయన భార్య గోలపెట్టింది.

పెద్దావిడ నొప్పి మరిచిపోయి కబుర్లలో పడింది. మిలిటరీ అన్నని అడిగింది. "ఏం అబ్బయా, నువ్వు బర్మాలో గుడారాలు ఏసినావంట గదా. ఇట్లాంటి గాలులు ఆడ కూడా వస్తాయా?"

ఉరిమింది. మెరుపు వెలుగులో మిలిటరీ అన్న మీసాలు వానకి తడిసి కిందికి వేలాడుతున్నాయి. ఆయన నా వైపు చూశాడు, పైకి చూశాడు, ఇక ప్రాణం మీద ఆశ వదులుకున్నవాడిలా చెప్పాడు.

"గుడారం వేరే పటాలం వాళ్ళు వేసేవాళ్ళమ్మా. నేను ఆడ వంట డిపార్టుమెంటు. సాంబారు."

నిట్టాడు చేతుల్లో లేకపోతే నేను ఆయన కాళ్ళ మీద పడేవాణ్ణే. అన్నాళ్ళుగా నన్ను బెదరగొట్టిన బర్మా, సాంబారు! ఆయనని చూస్తే జాలి కూడా వేసింది. తోటివాణ్ణి గుర్తుపట్టినప్పుడు వేసే జాలి.

నేను అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ ఎక్స్‌పర్ట్‌ని కదా. కొనేవాళ్ళు కంటి ముందే ఉన్నారు. "మేకుల సంగతి ఎట్లా ఉన్నా, గుడ్డ చూడండి. ఇంత వానకి ఒక్క చుక్క దిగిందా?" అని ఒక చెయ్యి వదిలి, పైన కాన్వాసుని వేలితో తాకి చూపించాను. తడిసిన కాన్వాసుని లోపల నుంచి తాకితే, తాకిన చోటల్లా నీరు దిగుతుంది. ఇదీ క్యాటలాగులో ఉంది. నా వేలు ఆనిన చోట నుంచి ఒక ధార సన్నగా మొదలై వకీలుగారి బట్టతల మీద పడింది. ఆయన లేవడానికి లేదు, లేస్తే గుడారం పోతుంది. అట్లాగే కూర్చుని, వాన వెలిసేదాకా తలాభిషేకం చేయించుకున్నారు. అంతటి సహనం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

వాన ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగా వెలిసింది. సరిగ్గా అప్పుడు మొదలాళిగారి కారు వచ్చింది. ఆయన, ఫోటోగ్రాఫర్ దిగారు. ఒక గుడారం చెట్టు మీద. ఒకటి అలల్లో. ఒకటి దారిలో తమకి ఎదురుగా పరిగెత్తుకుంటూ రావడం వాళ్ళే చూశారట. మిగిలిన ఒక్కదానిలోంచి హైకోర్టు వకీలుగారు, ఆయన భార్య, చేపల బుట్టావిడ, హెడ్‌మిస్ట్రెస్, డ్రైవరు, చివర్న పెద్దావిడని ఎత్తుకుని నేను, మిలిటరీ అన్న బయటికి వచ్చాం.

మొదలాళిగారు చెట్టు మీది గుడారాన్నీ, అలల్లో ఉన్నదాన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత నెమ్మదిగా, "రేపు షెడ్డులో అందరితో మాట్లాడాల" అన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. మిలిటరీ అన్న తలపాగా విప్పి పిండుకుంటూ ఉండిపోయాడు.

"ఈ గుడారం నేను తీసుకుంటాను" అంది హెడ్‌మిస్ట్రెస్.

నేను తెల్లబోయాను. "వద్దమ్మా, మేకులు నిలవలేదు గదా" అని నోరు జారాను. మొదలాళిగారు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

"మేకులు నిలవలేదు. మేం నిలిచాం. మేం కూర్చున్న ఆ అంచుని ఇంకాస్త వెడల్పుగా కుట్టండి. నేనూ మా అమ్మా ఇద్దరమే వెళ్తాం, కూర్చోడానికి ఇంతమంది దొరకరు. మా బదులు ఇసుక కూర్చుంటుంది" అందావిడ.

మర్నాడు షెడ్డులో మొదలాళిగారు మూసేస్తున్నానన్న మాట చెప్పడానికే వచ్చారు. ముందు రాత్రే నేనూ మిలిటరీ అన్నా సంగతి చెప్పి ఉండటంతో, ఆయన నోరు తెరవకముందే కుట్టుపనివాళ్ళు ఒక గుడారానికి కింద చుట్టూతా మూరెడు పట్టీ కుట్టి సిద్ధంగా ఉంచారు. రాయపురం ఒడ్డుకి మోసుకుపోయి వేశాం. పట్టీ మీద ఇసుక పోశాం. హార్బరు కూలీలు కొందరు సరదాపడి తాళ్ళు పట్టుకుని లాగారు. గుడారం ఊగింది గానీ లేవలేదు. "దీంట్లో పడుకుని చూడవయ్యా" అని మొదలాళిగారు నన్ను లోపలికి తోశారు. మిట్టమధ్యాహ్నం. ఆవిరి మీద ఉడికిన ఇడ్లీలా బయటికి వచ్చాను. తల ద్వారం వైపే పెట్టుకోవాలని మాత్రం అనుభవపూర్వకంగా తెలుసుకున్నాను.

షెడ్డు మూతపడలేదు. కార్లవాళ్ళు పెద్దగా రాలేదు, అది వేరే సంగతి. కానీ హెడ్‌మిస్ట్రెస్ తన స్కూలు పిల్లల క్యాంపులకి ఆ గుడారాలే కావాలంది. ఆవిడని చూసి ఇంకో స్కూలు, తర్వాత ఊరూరా తిరిగి నేల కొలిచే సర్వే వాళ్ళు. మిషన్లు మళ్ళీ ఆగకుండా నడిచాయి. మా షెడ్డులో ఆ కింది పట్టీకి "వకీలు పట్టీ" అని పేరు పడిపోయింది. కొత్తగా చేరినవాళ్ళు అది ఇంగ్లీషు మాట అనుకునేవాళ్ళు.

మొదలాళిగారు పేపర్లో ప్రకటన వేయించారు. "ఎన్నూరు గాలివానలో పరీక్షింపబడినది" అని. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది అచ్చయిన మూడోనాడు వకీలుగారి కారు మా వాకిట్లో ఆగింది. దావా వేయడానికే వచ్చారనుకుని నేను లోపల దాక్కున్నాను. ఆయన మొదలాళిగారితో చెప్పిన మాట గోడ వెనక నుంచి విన్నాను. "పరీక్షించింది నేను. ఆ సంగతి వేయలేదేమయ్యా?"

హెడ్‌మిస్ట్రెస్, వాళ్ళమ్మ ఆ గుడారంతో ఎక్కడెక్కడో తిరిగారు. ప్రతి ఏడూ అతుకులకి తెచ్చేవాళ్ళు. పట్టీ దులిపితే షెడ్డు నేల మీద ఒక్కో ఏడు ఒక్కో రంగు ఇసుక రాలేది. ఎర్రటిది, నల్లటిది, పిండిలాంటి తెల్లటిది. అది ఎక్కడిదో పెద్దావిడ కారులోంచే చెప్పేది. వింటూ నేను తలూపేవాణ్ణి. మోటారు గుడారాల విభాగానికి అధిపతినైన నేను అప్పటికి ఎన్నూరు దాటలేదు.

చివరికి ఒక సంవత్సరం సెలవు పెట్టి, మొదలాళిగారిని బతిమాలి ఒక ఒంటి పొర గుడారం అరువు తెచ్చాను. కారు లేదు. నేనూ నా భార్యా బస్సులో బయలుదేరాం. బస్సు పైన వేసిన ఆ పొడుగాటి మూట చూసి కండక్టరు టోపీ తీసి పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "ఎవురు సార్ పోయింది?" అని అడిగాడు. పులికాటు ఒడ్డున దిగి, క్యాటలాగు ప్రకారం, ఎన్నూరు ప్రకారం, సాంబారు ప్రకారం, తెలిసినదంతా కూడగట్టి గుడారం వేశాను. చెమటలు కక్కుతూ మేకులు కొట్టాను. పట్టీ నిండా ఇసుక పోశాను. తాళ్ళు వదులు చేశాను. గుడ్డ తాకలేదు.

నా భార్య నడుము మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇన్నేళ్ళుగా ఇదే గదా మీ ఉద్యోగం. గట్టిగా నిలుస్తుందా?" అంది.

"ముందు నువ్వెళ్ళి ఆ మూల కూర్చో. తర్వాత చెప్తాను" అన్నాను.